380 రూపాయల నారింజ కళ్ళజోడు: మూడేళ్ళు వాడాక

రాత్రిళ్ళు నిద్ర కోసం పెట్టుకునే ఈ కళ్ళజోడు కొనమంటారా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. కొనండి. కాకపోతే నేను మొదట కొన్న 2,400 రూపాయలది కాదు, రెండోసారి కొన్న 380 రూపాయలది. మొదటిది ఇప్పుడు మా అమ్మాయి పాత బొమ్మల డబ్బాలో ఉంది. రెండోది వంటింట్లో క్యాలెండరు మేకుకి వేలాడుతుంటుంది. ముదురు నారింజ రంగు అద్దాలు, నల్ల ప్లాస్టిక్ కాడలు, పక్కల నుంచి కూడా వెలుతురు చొరబడకుండా మూతలు. గ్రైండింగు పనివాళ్ళు నిప్పురవ్వలు పడకుండా పెట్టుకునే రకం. ఇంట్లో ముగ్గురూ దానికి మూడు పేర్లు పెట్టారు. అమ్మాయికి కమలాపండు కళ్ళజోడు. మా ఆయనకి వెల్డింగు కళ్ళజోడు. అత్తయ్యగారికి మాత్రం "ఆ దిక్కుమాలింది".

రాసేది ఎవరో తెలియకపోతే ఇలాంటి రివ్యూకి విలువుండదు, అందుకని అదీ చెప్తాను. నాకు 39 ఏళ్ళు. ఉండేది రాజమండ్రి దానవాయిపేటలో. ఒక ట్యాక్స్ కన్సల్టెంటుగారి ఆఫీసులో 14 ఏళ్ళుగా పని. పొద్దస్తమానం ఎక్సెల్ షీట్లూ జీఎస్టీ పోర్టలూ. బైపోలార్ ఉంది, అంటే మనసు కొన్నాళ్ళు పట్టపగ్గాల్లేని హుషారుకీ కొన్నాళ్ళు దిగులుకీ ఊగే జబ్బు. అందులో మొదటి రకం, అంటే ఆ హుషారు ముదిరి పూర్తి స్థాయి మేనియా వచ్చేది. దానికి లిథియం అనే మందు వేసుకుంటాను, రాత్రికి ఇంకో మాత్ర కూడా ఉంది. మందుల గురించి ఈ రివ్యూ కాదు. మందులు మానేసి కళ్ళజోడు పెట్టుకుందామని ఎవరైనా చదువుతుంటే ఇక్కడే ఆగిపోండి, మీకు పనికొచ్చేది నా దగ్గర లేదు.

అసలు నిద్ర కోసం ఇంత హైరానా ఎందుకో తెలియాలంటే 2015 పుష్కరాల దగ్గరికి వెళ్ళాలి. జులై 14 నుంచి 25 దాకా పన్నెండు రోజులు. మా ఇంట్లో చుట్టాలు పంతొమ్మిది మంది. రాత్రి రెండింటికి ఒక జట్టు ఘాటుకి బయల్దేరేది, నాలుగింటికి ఇంకో జట్టు తడిబట్టలతో తిరిగొచ్చేది. వచ్చినవాళ్ళకి టీలు, వెళ్ళేవాళ్ళకి పులిహోర పొట్లాలు. ఇంట్లో లైటు ఆర్పిన రాత్రి లేదు. ఊరంతా పట్టపగల్లా వెలిగిపోతుంటే, తప్పిపోయినవాళ్ళ పేర్లు మైకుల్లో తెల్లవార్లూ వినపడుతూనే ఉండేవి. మూడో రోజుకి నేను మూడు గంటలు పడుకున్నాను. ఐదో రోజు అసలు పడుకోలేదు. ఒంట్లో అలసట లేదు, కళ్ళల్లో మంట లేదు. పైగా ఎప్పుడూ లేనంత హుషారు. "కోడలంటే ఇదీ" అని పెద్దవాళ్ళందరూ మెచ్చుకున్నారు. తొమ్మిదో రోజున కోటిలింగాల ఘాటులో ముక్కూమొహం తెలియని ఒకావిడకి చేతి గాజులు రెండూ తీసి ఇచ్చేశాను, గోదావరి నాతో చెప్పిందని. పుష్కరాల్లో దానం చేస్తే పుణ్యం అంటారు గానీ జబ్బు అని ఎవరంటారు చెప్పండి? పన్నెండో రోజున అందరూ ఇళ్ళకి పోయి రెండేసి రోజులు నిద్రపోయారు. ఊరికి పుష్కరాలు అయిపోయాయి, నాకు అవలేదు. ఆగస్టులో ఆసుపత్రిలో చేర్చారు.

అక్కడ డాక్టరుగారు చెప్పిన ఒక్క మాట ఇప్పటికీ నోటుబుక్కు అట్ట మీద రాసి ఉంది: నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కర్లేకపోవడం వేరు. మొదటిది మామూలు మనుషులకి వచ్చే బాధ. పక్క మీద దొర్లుతారు, మర్నాడు నీరసంగా ఉంటుంది. రెండోదాంట్లో బాధే ఉండదు. తెల్లవారుజామున 3:40కి ఠక్కున మెలకువొస్తుంది, మనసు తేలిగ్గా ఉంటుంది, అటక సర్దుదామనిపిస్తుంది. నా విషయంలో అటక అంటే అటకే. రెండుసార్లూ మేనియా అటక మీది ఇత్తడి సామాన్లు తోమడంతోనే మొదలైంది. రెండోసారి 2019లో, మార్చి నెలాఖరు లెక్కలప్పుడు. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, ఆఫీసులో వారంపాటు రాత్రి పన్నెండు దాకా పని, తర్వాత కథ అదే.

అప్పటి నుంచి నిద్ర కోసం అమ్మేవన్నీ కొంటూ వచ్చాను. ఈ కళ్ళజోడు ఆ వరసలో ఐదోదో ఆరోదో.

మొదటి జత ఆన్‌లైన్లో కొన్నది. కంపెనీ పేరు చెప్పను. నీలి కాంతిని ఆపి హాయిగా నిద్రపుచ్చుతుందని బొమ్మలతో సహా రాశారు. అద్దాలు చూస్తే తెల్లగా, మామూలు కళ్ళజోడులాగే ఉన్నాయి. లైటు కింద పెడితే కాస్త ఊదా రంగు మెరుపు, అంతే. దానితో పాటు చిన్న టార్చీ, ఒక కార్డూ పంపారు. ఆ టార్చీ వెలుగు అద్దం గుండా వేస్తే కార్డు మీద పడదు, చూశారా ఆపేసింది అని మురిసిపోవాలి. నేనూ మురిసిపోయాను. రెండు నెలలు పెట్టుకుని తిరిగాక ఒకరోజు బట్టలకి నీలిమందు పెడుతూ అనుమానం వచ్చింది. కళ్ళజోడులోంచి చూసినా నీలిమందు సీసా నిక్షేపంలా నీలంగానే ఉంది. ఆపేస్తే నీలం కనపడకూడదు కదా? ఆ టార్చీ ఊదా వైపు వెలుగు, అద్దం ఆపింది దాన్ని. నేను ఆపాలనుకున్న నీలం దర్జాగా లోపలికొచ్చేస్తోంది. ఇలాంటి అద్దాల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి, వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే కాక్రేన్ అనే సంస్థది, 2023లో వచ్చింది. కంప్యూటరు ముందు కంటి శ్రమ కూడా వీటివల్ల పెద్దగా తగ్గేలా లేదని తేల్చింది. అది నేను డబ్బులు వదిలించుకున్నాక వచ్చిందనుకోండి.

మీరు ఏది కొన్నా ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఇదే. నీలిమందు సీసా చూడండి, నల్లగా కనపడాలి. వైఫై డబ్బా మీద నీలం చుక్క వెలుగుతుంటే, అది ఆరిపోయినట్టుండాలి. నీలం పెన్నుతో రాసింది నల్ల పెన్నుతో రాసినట్టుండాలి. ఈ మూడూ జరక్కపోతే అది అలంకారం కళ్ళజోడు.

రెండో జత కోసం వెల్డింగు సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్ళాను. ఇనుప సామాన్ల సందులో, రంపాలూ గ్రైండింగు చక్రాలూ వేలాడే కొట్టు. కొట్టతను తెల్లవి చూపించాడు, ముదురాకుపచ్చవి చూపించాడు, లేత పసుపువి చూపించాడు. నారింజ రంగువి కావాలంటే నా వైపు ఎగాదిగా చూసి, "ఎవరికండీ, అన్నయ్యగారికా?" అన్నాడు. నాకే అన్నాను. "మీరేం పని చేస్తారండీ?" జీఎస్టీ అన్నాను. ఇంకేమీ అడగలేదు పాపం. వారంలో తెప్పిస్తానని తెప్పించాడు. 400 చెప్పి 380కి ఇచ్చాడు. నాకు సైటుంది, రెండు కళ్ళకీ మైనస్ రెండున్నర. అందుకని సైటు కళ్ళజోడు మీదుగా పెట్టుకునే పెద్ద సైజుది తీసుకున్నాను. సైటున్నవాళ్ళు ఇది మర్చిపోకండి, చిన్నది కొంటే సైటు కళ్ళజోడు మీద కూర్చోదు.

ఇదేం పిచ్చి అనుకునేవాళ్ళకి దీని వెనక సంగతి. మన కంటి లోపలి పొరలో చూపుకి పెద్దగా అక్కరకి రాని కణాలు కొన్ని ఉన్నాయి. వాటి పని వెలుతురుందా లేదా అని మెదడులోని గడియారానికి కబురు పంపడం. వాటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. అది 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగుకి మిగతా రంగులన్నిటికన్నా ఎక్కువగా ఉలిక్కిపడుతుంది. ట్యూబులైటు, ఫోను, టీవీ, కంప్యూటరు, అన్నిట్లోనూ ఆ నీలం ఉంది. అది కంట్లో పడినంతసేపూ ఇంకా పగలే అనుకుని మెదడు, రాత్రైందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్‌ని వెనక్కి నెడుతుంది. నారింజ అద్దం ఆ నీలాన్ని కోసేస్తుంది కాబట్టి మన చుట్టూ వెలుతురున్నా గడియారం లెక్కలో చీకటి పడినట్టే. మామూలువాళ్ళకి ఇది అరగంట ముందు నిద్రపోవడమా వెనక నిద్రపోవడమా అనే సంగతి. మాలాంటివాళ్ళ గడియారం చెక్క బండి చక్రంలాంటిది, ఒక చీల కదిలిందంటే మొత్తం ఊగుతుంది.

2005లో ఇటలీలో మేనియాలో ఉన్నవాళ్ళని మూడు రోజులు వరసగా సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా చీకట్లో ఉంచి చూశారు. మేనియా మొదలైన కొత్తలో ఉన్నవాళ్ళకి బాగా పనిచేసింది. బాగానే ఉంది గానీ పద్నాలుగు గంటలు చీకట్లో ఎవరు కూర్చుంటారు? అన్నం ఎవరు వండుతారు? ఆ తర్వాత నార్వేలో టోనే హెన్రిక్సన్ అనే డాక్టరూ ఆమె బృందమూ చీకటి గదికి బదులు నారింజ కళ్ళజోడు పెట్టి చూశారు, 2016లో అచ్చయింది. మేనియాతో ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి, వాడుతున్న మందులు వాడుతుండగానే, సగం మందికి నారింజవి, సగం మందికి తెల్లవి. అదే 6 నుంచి 8, ఏడు రోజులు. చివరికి లెక్కలోకి వచ్చింది 23 మందే. మేనియా తీవ్రతని కొలిచే స్కోరు నారింజ వాళ్ళలో సగటున 14.1 తగ్గితే, తెల్లవాళ్ళలో 1.7 తగ్గింది. అంత తేడా చూసి నేను ఎగిరి గంతేశాను. మా డాక్టరుగారు మాత్రం కాగితం పక్కన పెట్టి, "23 మందేనమ్మా. పైగా వాళ్ళు మేనియాలో ఉన్నవాళ్ళు, నువ్వు బాగున్నావు. మందుతో పాటు పెట్టుకో, మందుకి బదులు పెట్టుకోకు" అన్నారు. ఆయన పెట్టిన టైము రాత్రి 7:30 నుంచి పడుకునేదాకా.

ఇక వాడకం.

మొదటి వారం నిద్ర గురించి చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. వంటింట్లో మాత్రం చాలా జరిగాయి. ఈ అద్దాల్లోంచి చూస్తే తెలుపుకీ పసుపుకీ తేడా ఉండదు. పప్పులో పసుపు వేశానో లేదో తెలియక రెండోసారి వేసిన రోజులున్నాయి. ఉల్లిపాయ వేగిందో మాడిందో రంగుని బట్టి తెలియదు, వాసనని బట్టే దించాలి. చివరికి వంట ఏడున్నరలోపే ముగించడం అలవాటైంది. దాంతో భోజనాలు ఎనిమిదికి జరిగాయి. అంతకుముందు మా ఇంట్లో రాత్రి భోజనం ఎనిమిదిన్నరకీ అయ్యేది, పదిన్నరకీ అయ్యేది. ఇప్పుడాలోచిస్తే నాకు కలిగిన మేలు నీలం ఆగడం వల్లనో, భోజనం వేళ కుదురుకోవడం వల్లనో తేల్చి చెప్పలేను.

రెండో వారం నుంచి పదింటికల్లా ఆవలింతలు మొదలయ్యాయి. మాత్ర వేసుకోకముందే. పదేళ్ళలో నాకు ఆవలింత రావడం అదే మొదలేమో! పదిన్నరకి పక్క మీదికి, పదకొండులోపు నిద్ర, ఆరింటికి మెలకువ. మూడేళ్ళుగా నూటికి ఎనభై రోజులు ఇదే వరస. అంతకుముందు తొమ్మిది, పన్నెండున్నర, రెండు, ఎప్పుడు ఏది వస్తే అది.

లోపాలు లేవా అంటే బోలెడు. చెవుల వెనక నొక్కుకుంటుంది. నెలరోజులు తలనొప్పితో బాధపడ్డాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర ఏదో ఒకటి మింగేద్దామని డబ్బా తీశాను. అంతలో డాక్టరుగారి మాట గుర్తొచ్చి ఆగాను. లిథియం వేసుకునేవాళ్ళు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడగకుండా మింగకూడదు, రక్తంలో లిథియం పెరిగిపోతుంది. నాకు పారాసెటమాల్ అయితే ఫరవాలేదన్నారు. తర్వాత కాడలకి పాత చీర అంచు గుడ్డ చుట్టి కుట్టాను, నొప్పి పోయింది. అందం ఎలాగూ లేదు కాబట్టి పోయేదేం లేదు. మే నెలలో చెమటకి అద్దాలు మసకబారతాయి, ఐదు నిమిషాలకోసారి తుడుచుకోవాలి. అసలు ఆ నెలలో కళ్ళజోడుకన్నా నీళ్ళే ముఖ్యం. చెమటలు పట్టి ఒంట్లో నీరు తగ్గినా లిథియం పెరుగుతుంది. మా ఇంట్లో మజ్జిగ కుండ నాకోసమే ఉంటుంది.

స్కూటీ మీద మాత్రం పెట్టుకోవద్దు. ఒకసారి మందులషాపు దాకానే కదా అని వెళ్ళాను. సిగ్నల్లో ఆకుపచ్చ దీపం వెలిగిందో లేదో అర్థం కాలేదు, వెనక అంబులెన్సు నీలం లైటు అసలే కనపడలేదు. మెట్లు దిగేటప్పుడు కూడా జాగ్రత్త. పొద్దున్న లేవగానే కళ్ళజోడు ముట్టుకోను. ఆరుంబావుకి డాబా మీద కాఫీ, ఎండ మొహాన పడేలా. గడియారానికి రాత్రి ఎంత అవసరమో పగలూ అంతే అవసరం.

అన్నిటికన్నా పెద్ద లోపం మొదటి సంవత్సరం శ్రావణంలో బయటపడింది. వారం రోజులు ముసురు. నిద్ర బాగా వస్తోంది కదా అని నేనే టైము పెంచి సాయంత్రం ఐదున్నర నుంచే పెట్టుకోవడం మొదలెట్టాను. మూడు వారాలకి పొద్దున్న ఎనిమిదైనా లేవబుద్ధి కాలేదు. వరలక్ష్మీ వ్రతం రోజున పూజ అత్తయ్యగారే చేసుకున్నారు. నేను గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాను. నార్వే వాళ్ళ కాగితంలో కూడా ఇద్దరికి దిగులు లక్షణాలు వచ్చినట్టూ, త్వరగానే సర్దుకున్నట్టూ ఉంది. నేను ఆ వాక్యం చదివీ వదిలేశాను, 14.1 అంకె మత్తులో. డాక్టరుగారు రెండు వారాలు మొత్తం మానిపించి, తర్వాత తొమ్మిదింటి నుంచి, మెల్లగా మళ్ళీ ఏడున్నరకి తెచ్చారు. వానాకాలంలో ఇప్పుడు ఎనిమిదిన్నరే. కాబట్టి ఇది 380 రూపాయల వస్తువే గానీ ఆడుకునే వస్తువు కాదు. బైపోలార్ ఉన్నవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా మొదలెట్టకండి.

దీనితో పాటు కొన్నవాటి గురించి కూడా గబగబా చెప్పేస్తాను. నిద్ర లెక్కపెట్టే చేతి గడియారం మా తమ్ముడికి ఇచ్చేశాను. నిద్రకి అది 62 మార్కులేస్తే దిగులు, 91 వేస్తే సంబరం. ఒకసారి నాలుగు గంటలే పడుకుని లేస్తే నాడి బాగుంది, రోజంతా హుషారుగా ఉంటారని మెచ్చుకుంది. పుష్కరాల చుట్టాలు గుర్తొచ్చారు. దాని బదులు పది రూపాయల నోటుబుక్కు. అందులో రోజుకి ఐదే వేళలు రాస్తాను: లేచింది, మొదట ఒక మనిషితో మాట్లాడింది, పని మొదలెట్టింది, రాత్రి తిన్నది, పడుకున్నది. ఈ పద్ధతి అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ అనే ఆవిడ బైపోలార్ వాళ్ళకోసం తయారుచేసిన చికిత్సలోది. ఐదు గీతలూ రోజూ ఇంచుమించు ఒకచోట పడుతుంటే నేను బాగున్నట్టు. నల్ల కర్టెన్లు రెండు కిటికీలకి 3,200 అయింది, వేసవికి వరం, దిగులు రోజుల్లో శాపం. తూర్పు కిటికీది తీసేశాం. గదిలో ట్యూబులైటు బదులు ఎర్ర జీరో బల్బు. దేవుడి గదుల్లో ఉంటుందే, అది. పేరుకి జీరో, పాతరకంవి 15 వాట్లు తాగేవి, ఇప్పుడు ఎల్‌ఈడీవి వస్తున్నాయి. అన్నిట్లోకీ చవకైనదీ, మారు మాట లేకుండా ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నదీ అదే.

ఇంటిల్లిపాది అన్నాను కాబట్టి. ఈ కళ్ళజోడు గురించి ఏ ప్రకటనలోనూ రాయని ప్రయోజనం ఒకటుంది. అంతకుముందు "నేను త్వరగా పడుకోవాలి" అని నేను చెప్తే ఇంట్లో అది ఒక మాట. విన్నట్టే విని టీవీ సౌండు పెంచేవారు. ఇప్పుడు ముక్కు మీద నారింజ రంగు కనపడగానే మా ఆయన ఐపీఎల్ ఎంత ఉత్కంఠగా ఉన్నా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటారు. అమ్మాయి లెక్కల సందేహాలు ఏడున్నరలోపే తెస్తుంది. ఆఫీసులోనూ అంతే. నెలనెలా 11న ఒక రిటర్ను, 20న ఇంకోటి, ఆ రెండు తేదీల ముందు రాత్రి తొమ్మిదింటికి కూడా పార్టీలు ఫోన్లు చేస్తారు. మా సార్ ఇప్పుడు 9వ తేదీకే, 18వ తేదీకే నా ఫైళ్ళు ముగించమంటారు. ఆయనకి జబ్బు పేరు చెప్పలేదు, రాత్రి కళ్ళకి ఇబ్బంది అని మాత్రం చెప్పాను. అబద్ధమూ కాదు.

కళ్ళ ఇబ్బంది అంటే గుర్తొచ్చింది. మన పెళ్ళిళ్ళు. ముహూర్తం రాత్రి 2:47. నిద్ర తిరగబడితే జబ్బు తిరగబెట్టే మనిషికి అంతకన్నా పెద్ద గండం లేదు. నేను ఏడింటికి వెళ్ళి, అక్షింతలు ముందే వేసేసి, భోంచేసి, తొమ్మిదింటికి ఇంటికొచ్చేస్తాను. జీలకర్ర బెల్లం వేళకి ఉండను. నేనుండే ఆ రెండు గంటలూ వీడియో వాళ్ళ ఫోకస్ లైట్లు మొహం మీదే. అందుకని పోయిన మాఘంలో మా ఆయన పినతల్లి కొడుకు పెళ్ళిలో కళ్ళజోడు తీసి పెట్టేసుకున్నాను. పట్టుచీర, పూలు, నారింజ కళ్ళజోడు. వీడియోలో రెండో వరసలో శాశ్వతంగా ఉండిపోయాను. ఒక పెద్దావిడ దగ్గరకొచ్చి "శుక్లాల ఆపరేషన్ అయిందా అమ్మా?" అంది. అవునండీ అన్నాను. ఈ వయసుకే శుక్లాలా అని చెయ్యి పట్టుకుని ఎంత జాలిపడిందో! ఇంకో నలుగురు వచ్చి ఏ ఆసుపత్రి, ఎంతైంది, చుక్కలమందు ఎన్నాళ్ళు అని అడిగారు. శుక్లాలకి ఇంత మర్యాద ఉందని నాకు తెలియదు.

శివరాత్రి జాగారం నా బదులు అత్తయ్యగారు చేస్తారు. "నీ వాటా కూడా నేనే మేలుకున్నానులే, పుణ్యం ఇద్దరికీ చెరిసగం" అంటారు పొద్దున్న.

కళ్ళజోడు ఉన్నా తప్పిన రాత్రులు ఉన్నాయి. మూడేళ్ళలో రెండుసార్లు 3:40 మెలకువ వచ్చింది, అటక వైపు చూశాను. మాకొక ఒప్పందం ఉంది, రాసి ఫ్రిజ్ మీద అంటించాం. వరసగా రెండు రాత్రులు ఐదు గంటలలోపు నిద్రపోయి మూడో రోజు నాకు అలసట లేకపోతే, నేను వద్దన్నా మా ఆయన డాక్టరుకి ఫోన్ చేస్తారు. అలాంటప్పుడు ఏ మాత్ర ఎంత పెంచాలో డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు. రెండుసార్లూ వారంలో సర్దుకుంది. ఒక రాత్రి డాక్టరుగారు దొరక్కపోతే మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన ఫోను లైను టెలీ మానస్‌కి, 14416కి చేశాం. ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. ఏమీ చెయ్యకపోయినా, రాత్రి రెండింటికి నన్ను కంగారు పెట్టకుండా మాట్లాడిన గొంతు అది.

ఐదుకి నాలుగు ఇస్తాను. చెవి నొప్పికి అర, పసుపుకి అర తీసేశాను. అద్దాలు ఇప్పుడు బాగా గీతలు పడ్డాయి. అమ్మాయి ఒకసారి వంటింటి గట్టు మీద బోర్లా పెట్టింది. మొన్న అదే కొట్టుకి వెళ్ళి ఇంకో రెండు జతలు చెప్పి వచ్చాను. ధర 450 అయిందట. కొట్టతను ఈసారి ఏం పనని అడగలేదు, "జీఎస్టీ మేడమ్‌గారికి" అని రాసుకున్నాడు.

రెండెందుకంటే, 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. పోయిన ఆదివారం మా ఆయన పెద్దమేనత్త వైజాగ్ నుంచి చేసి, ఈసారి ఇరవై ఐదు మందిమి అవుతామేమో అంది. ఫోను అత్తయ్యగారి చేతిలో ఉంది. నేను కూరలు తరుగుతూ వింటున్నాను. "రండి వదినగారూ, తప్పకుండా రండి. స్నానాలకి పగలు తీసుకెళ్తాం. పడకలు మాత్రం సత్రంలో మాట్లాడతాడు అబ్బాయి. మా ఇంట్లో ఏడున్నర దాటితే లైట్లుండవు" అన్నారు. అవతల ఏదో అడిగినట్టుంది. అత్తయ్యగారు ఒక్క క్షణం నా వైపు చూశారు.

"కోడలికి శుక్లాలు" అన్నారు.